"గుజ్జు అరిగింది" అన్నాక ఏ దారి పట్టాలి? మోకాలి నొప్పి వైద్యాల పోలిక

మా అమ్మకి రెండు మోకాళ్లలోనూ ఇంచుమించు ఒకే ఏడాది నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీస్తే రెండూ ఒకదానికొకటి నకలులా ఉన్నాయి. మొదట చూసిన డాక్టరు ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "గుజ్జు మొత్తం అరిగిపోయిందమ్మా, రెండూ మార్చేయాల్సిందే" అన్నారు. ఆమెను పడుకోబెట్టి కాలు వంచి చూసింది లేదు, ఏ పని చేస్తే నొప్పి వస్తోందని అడిగింది లేదు. ఆ రాత్రి అమ్మా నిద్రపోలేదు, మేమూ నిద్రపోలేదు.

ఇప్పుడు అమ్మకి కుడి మోకాలు మార్పిడి చేసినది, ఎడమది తన సొంతది. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకేలాంటి ఎక్స్‌రేలు, అయినా జవాబులు రెండు వచ్చాయి. అక్కడిదాకా రావడానికి మాకు మూడేళ్లు పట్టింది. ఆ దారిలో తెలుసుకున్నదీ, పరిశోధనల్లో గట్టిగా తేలినదీ కలిపి చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలాగే ఫిల్ము పట్టుకుని కూర్చుని ఉంటే, నిర్ణయానికి ముందు ఒక్కసారి చదవండి.

ఏ వైద్యాన్నైనా నేను మూడు ప్రశ్నలతో కొలుస్తాను. నొప్పి ఎంత తగ్గుతుంది? తగ్గినది ఎన్నాళ్లు ఉంటుంది? పనిచేయకపోతే మళ్లీ మొదటికి రాగలమా? మూడో ప్రశ్న చాలామందికి గుర్తుకే రాదు. వ్యాయామం నచ్చకపోతే ఆపేయొచ్చు. మాత్ర పడకపోతే మానేయొచ్చు. కోసి తీసేసిన ఎముకను మాత్రం తిరిగి అతికించలేరు. అందుకే వెనక్కి రాగలిగే దారులను ముందు నడిచి చూడాలి, అదీ పూర్తిగా నడవాలి. పది రోజులు కాళ్లూపి మానేసి "వ్యాయామం చేశాం, పనిచేయలేదు" అనుకోవడం వల్లే ఎంతోమంది తొందరపడి సూది దాకా, కత్తి దాకా వెళ్లిపోతున్నారు.

అసలు ఇది అరుగుదలేనా?

వయసు 45 దాటింది. నడిస్తే, మెట్లెక్కితే నొప్పి పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున్నే లేవగానే మోకాలు బిగుసుకున్నట్టున్నా అరగంటలోపే సడలిపోతుంది. ఈ మూడూ ఉంటే అది చాలావరకు ఆస్టియో ఆర్థరైటిస్, అంటే మనం అరుగుదల అనేదే. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దాన్ని నిర్ధారించడానికి స్కానింగ్ కూడా అక్కర్లేదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ చెబుతుంది.

లెక్క ఇలా కుదరకపోతే ఆగి ఆలోచించాలి. పొద్దుటి బిగుతు గంటకి పైగా ఉండి, చేతివేళ్ల కీళ్లు కూడా వాస్తుంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, కావచ్చు. దానికి చూడాల్సింది కీళ్లవాతం డాక్టరు (రుమటాలజిస్టు), వాడాల్సిన మందులు పూర్తిగా వేరు, ఆలస్యమైన కొద్దీ కీళ్లు పాడవుతాయి. రాత్రికి రాత్రే మోకాలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేనట్టుంటే గౌట్‌ను, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపును, అనుమానించాలి. అలా వాచిన కీలుకి జ్వరం కూడా తోడైతే లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అప్పుడు రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడుతున్నా, పడిన తర్వాత కాలు మోపలేకపోతున్నా, మోకాలు మడతలోనే ఇరుక్కుపోయి చాపలేకపోతున్నా అంతే తొందర అవసరం.

ఇంకో చిక్కు ఉంది. తుంటిలో ఉన్న జబ్బు మోకాల్లో నొప్పిగా తెలియవచ్చు. గజ్జలో కూడా సలుపు ఉండి, కూర్చుని సాక్సు తొడుక్కోవడం కష్టమవుతుంటే తుంటిని కూడా పరీక్షించమని అడగండి. పిల్లలు మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే తుంటిని తప్పకుండా చూపించాలి.

ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లకి వచ్చే నొప్పి ఎక్కువగా మోకాలి చిప్ప చుట్టూ ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు మోకాళ్లు మడిచి కూర్చున్నప్పుడు బాధ పెడుతుంది. దాన్ని గుజ్జు అరిగిపోవడంగా ఊహించుకుని టెన్షన్ పడనక్కర్లేదు. తొడ కండరాలు, తుంటి చుట్టూ కండరాలు బలపరిస్తే చాలామందికి తగ్గుతుంది.

ఫిల్ములో కనిపించేదంతా నొప్పి కాదు

గుజ్జు అని మనం పిలిచేది ఎముక చివర ఉండే నున్నటి మృదులాస్థి, కార్టిలేజ్. దానిలో నరాలూ లేవు, రక్తనాళాలూ లేవు. అంటే అరుగుతున్నది అదే అయినా నొప్పి పుట్టేది దానిలో కాదు. దాని కింద ఉన్న ఎముకలో, కీలు లోపలి పొరలో, చుట్టూ ఉన్న కణజాలంలో పుడుతుంది. అందుకే ఎక్స్‌రేలో ఎంత అరిగిందో చూసి ఎంత నొప్పి ఉండాలో చెప్పలేరు. అరుగుదలకి 0 నుంచి 4 దాకా గ్రేడులిచ్చే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే డాక్టర్లు 1957లో ప్రచురించారు. నేటికీ రిపోర్టుల్లో కనిపించేది అదే. గ్రేడ్ 4 ఉండి హాయిగా నడుస్తున్నవాళ్లున్నారు, గ్రేడ్ 2తో రాత్రంతా మూలిగేవాళ్లూ ఉన్నారు.

ఎంఆర్‌ఐ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అమెరికాలోని ఫ్రామింగమ్ పట్టణంలో 50 దాటినవాళ్లని ఏరి, నొప్పి ఉన్నా లేకపోయినా ఎంఆర్‌ఐ తీసి, ఆ ఫలితాలను 2008లో ప్రచురించారు. మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం, చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. వయసుతో పాటు జుట్టు నెరిసినట్టే ఈ చిరుగులూ వస్తాయి. కాబట్టి రిపోర్టులో "టేర్" అన్న మాట కనిపించగానే దాన్ని కుట్టించాలనో, కత్తిరించాలనో పరుగెత్తకండి.

మా అమ్మ విషయంలో ఫిల్ము దాచిన తేడా పరీక్షలో బయటపడింది. రెండో డాక్టరు గారు ఆమెను నడిపించి చూశారు. కుడి కాలు బయటికి విల్లులా వంగి ఉంది, పూర్తిగా చాచలేకపోతోంది, నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతోంది. ఎడమది తిన్నగా ఉంది, బాగా వంగుతోంది, మెట్ల దగ్గర మాత్రమే ఇబ్బంది. "ఆపరేషన్ కాలికి చేస్తాం, ఎక్స్‌రేకి కాదు కదా" అన్నారు ఆయన. రెండు కాళ్లకీ ముందు మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేయించమన్నారు.

వ్యాయామం: అందరూ చెప్పేది, ఎవరూ కొలత చెప్పనిది

నొప్పిగా ఉన్న కాలుని కదిలిస్తే ఇంకా అరిగిపోతుందన్న భయం చాలా సహజం. నిజానికి రక్తనాళాలు లేని ఆ గుజ్జుకి పోషణ అందేది కీలులోని ద్రవం నుంచే. కాలు మీద బరువు పడి లేస్తుంటే స్పాంజిని నొక్కి వదిలినట్టు ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. ఇక తొడ ముందున్న పెద్ద కండరం బలంగా ఉంటే అడుగు వేసినప్పుడు పడే తాకిడిలో కొంత అదే మోస్తుంది. నొప్పి వల్ల నడక తగ్గుతుంది, నడక తగ్గితే కండరం కరుగుతుంది, కండరం కరిగితే నొప్పి పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంచే పని మందుల వల్ల కాదు.

2020లో అమెరికాలో 156 మంది మీద ఒక పోలిక జరిగింది. కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, కొందరికి ఫిజియోథెరపీ. ఏడాది తర్వాత చూస్తే ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లకే నొప్పి తక్కువగా ఉంది, పనులు కూడా వాళ్లే బాగా చేసుకోగలుగుతున్నారు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. అందులో ఉన్నది ఫిజియో పర్యవేక్షణలో చేసే 12 వ్యాయామ తరగతులు, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పే పాఠాలు, అంతే. కొత్త యంత్రమేమీ లేదు.

ఫిజియోథెరపీ పేరుతో దొరికేదంతా ఒకటి కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. మేము మొదట వెళ్లిన చోట అమ్మని పడుకోబెట్టి మోకాలికి కరెంటు ప్యాడ్లు పెట్టేవారు, తర్వాత అల్ట్రాసౌండ్, ఆ తర్వాత వేడి కాపడం. నలభై నిమిషాల్లో ఆమె తనంతట తాను కాలు కదిపింది ఐదు నిమిషాలు కూడా లేదు. అరుగుదలకి టెన్స్ (ఆ కరెంటు ప్యాడ్లు), అల్ట్రాసౌండ్ లాంటి యంత్రాలు ఇవ్వవద్దని 2022 నాటి నైస్ మార్గదర్శకం చెబుతోంది, వాటి వల్ల లాభం ఉందనడానికి సరిపడా ఆధారం లేదు కనుక. వేడి కాపడం హాయిగా ఉంటే ఇంట్లో పెట్టుకోండి, తప్పు లేదు. ఫిజియో దగ్గరికి వెళ్లేది మాత్రం కండరం పెంచుకోవడానికి వెళ్లాలి. మంచి ఫిజియోని గుర్తుపట్టడం తేలికే: కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో మొదటి రోజే లెక్కపెట్టి రాసుకుంటారు, రెండు వారాల తర్వాత ఆ అంకె పెరిగిందా అని చూస్తారు, పెరిగితే పని కష్టం చేస్తారు.

అమ్మ చేసినవి మూడే. పడుకుని మోకాలు తిన్నగా ఉంచి కాలు పైకెత్తి కొన్ని క్షణాలు ఆపడం. చేతులతో ఊతం తీసుకోకుండా కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా కూర్చోవడం. తక్కువ ఎత్తు మెట్టు మీదికి ఎక్కి దిగడం. మొదట్లో లేవడం ఐదుసార్లకే ఆయాసం వచ్చేది. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాం. వారం వారం దిండు పల్చన చేసుకుంటూ పోయాం.

నొప్పి వస్తే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి రావచ్చు, అది హాని కాదు. భరించగలిగేంత ఉండి, మర్నాటికల్లా ముందటి స్థాయికి దిగిపోతే అదే మోతాదు కొనసాగించవచ్చు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే, లేదా మోకాలు వాస్తే, మానేయకుండా సగానికి తగ్గించాలి. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి మూడు వారాల్లో ఏమీ తేడా రాలేదని నిరాశపడేవాళ్లు ఎక్కువ. మా అమ్మా అలాగే విసుక్కుంది, ఐదో వారంలో మెట్ల దగ్గర రైలింగ్ పట్టుకోకుండా దిగాక ఇక తనే గుర్తుపెట్టుకుని చేయడం మొదలుపెట్టింది.

ఒంటరిగా వ్యాయామం చేయడం బొత్తిగా ఇష్టం లేనివాళ్లు తాయ్ చీ ప్రయత్నించవచ్చు. 204 మందితో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో అది ఫిజియోథెరపీతో సమానంగా పనిచేసింది. ఈత, నీళ్లలో నడక, సైకిల్ కూడా మంచివే. మీరు ఏడాది తర్వాత కూడా చేస్తూ ఉండగలిగేదే మీకు సరైనది.

బరువు గురించి చెప్పేటప్పుడు డాక్టర్లు కసురుకున్నట్టు మాట్లాడతారు, అది నాకు నచ్చదు. నొప్పితో నడవలేని మనిషికి బరువు తగ్గమనడం ఎంత కష్టమైన పని చెప్పడమో గుర్తించాలి. కానీ లెక్క మాత్రం ఆశ కలిగించేదే: ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఊబకాయం ఉన్నవాళ్లకి ఇప్పుడు మందుల దారి కూడా ఉంది. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను మోకాలి అరుగుదల, ఊబకాయం రెండూ ఉన్న 407 మందిపై పరీక్షించి 2024లో ఫలితాలు చెప్పారు. బరువు సగటున 13.7 శాతం తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కంటే నొప్పి కూడా బాగా తగ్గింది. వికారం, వాంతులు లాంటి ఇబ్బందులుంటాయి, ఆపేస్తే బరువు తిరిగి రావచ్చు. కాబట్టి డాక్టరుతో కూర్చుని మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయం అది.

పూతలు, మాత్రలు, బెల్టులు

మందుల్లో మొదటి చోటు పైపూతదే. డైక్లోఫెనాక్ లాంటి జెల్ రాస్తే మందు చాలావరకు మోకాలి దగ్గరే ఉంటుంది, రక్తంలోకి వెళ్లేది కొద్దిగానే. అప్పుడప్పుడు రాస్తే తేడా తెలియదు, లేబుల్ మీద చెప్పినన్ని సార్లు కొన్ని రోజులు వరసగా రాయాలి. మాత్రల రూపంలో తీసుకునే పెయిన్‌కిల్లర్లు, అంటే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటివి, ఇంకా బాగా పనిచేస్తాయి. కానీ కడుపులో పుండ్లు, రక్తస్రావం, బీపీ పెరగడం, కిడ్నీ దెబ్బతినడం, గుండెకి ముప్పు వాటి వెంటే ఉంటాయి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ వీటిని సొంతంగా కొని వేసుకోకూడదు. మిగతావాళ్లు కూడా తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, కడుపుని కాపాడే మాత్రతో కలిపి వాడాలి. వ్యాయామం మొదలుపెట్టడానికి నొప్పి అడ్డొస్తుంటే ఆ కొన్ని వారాలకి మాత్ర సాయం తీసుకోవడం మంచి వాడకం. పారాసెటమాల్ వీటికంటే సురక్షితమే, అరుగుదల నొప్పికి దాని ప్రభావం మాత్రం బాగా తక్కువ. ట్రమడాల్ లాంటి గట్టి మాత్రలు మత్తు, మలబద్ధకం, పడిపోయే ప్రమాదం, అలవాటు తెచ్చిపెడతాయి. నెలల తరబడి వాడాల్సినవి కావు.

గ్లూకోసమైన్ గుజ్జుని తిరిగి పెంచుతుందని నమ్మి ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. 2006లో అమెరికాలో 1,583 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మొత్తం మీద అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఆ డబ్బు ఫిజియోకి పెట్టండి.

మోకాలి బెల్టు కొందరికి ధైర్యం ఇస్తుంది, పెట్టుకోవచ్చు. చేతికర్ర అంతకంటే మేలు చేస్తుంది. ఎక్కువమంది దాన్ని నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు. నొప్పి లేని వైపు చేతిలో పట్టుకుని, నొప్పి ఉన్న కాలితో పాటే ముందుకి వేయాలి. కర్ర పట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టని అమ్మ ఆరు నెలలు మొండికేసింది. ఆ ఆరు నెలల్లో ఎన్ని నడకలు మానుకుందో తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఇంజెక్షన్లు: ఏది దేనికి

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేగంగా పనిచేస్తుంది. మోకాలు వాచి, నీరు చేరి, మంటగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఊరటనిస్తుంది. ముఖ్యమైన ప్రయాణమో, వ్యాయామం మొదలుపెట్టలేనంత నొప్పో ఉన్నప్పుడు ఒకసారి తీసుకోవడంలో అర్థముంది. తగ్గింది కదా అని మూడు నెలలకొకటి చొప్పున అలవాటు చేసుకోవడం వేరే సంగతి. 140 మందికి రెండేళ్లపాటు 12 వారాలకొకసారి కొందరికి స్టెరాయిడ్, కొందరికి మందు లేని ఉప్పునీరు ఎక్కించి చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండేళ్ల చివర నొప్పిలో తేడా లేదు, స్టెరాయిడ్ పడినవాళ్ల గుజ్జు మాత్రం ఎక్కువ తగ్గింది. షుగర్ ఉన్నవాళ్లకి ఈ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. త్వరలో మోకాలి మార్పిడి అనుకుంటుంటే ఇన్ఫెక్షన్ భయంతో దీన్ని వాయిదా వేస్తారు. ఆపరేషన్‌కి ముందు మూడు నెలల్లో ఇంజెక్షన్ తీసుకుని ఉంటే సర్జన్‌కి తప్పకుండా చెప్పాలి.

జెల్ ఇంజెక్షన్‌గా పిలిచే హయలురానిక్ యాసిడ్ ఖరీదైనది, ఉప్పునీటితో పోలిస్తే దాని లాభం చాలా చిన్నది. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2019 మార్గదర్శకం మోకాలికి దీన్ని సిఫారసు చేయలేదు.

పీఆర్‌పీ గురించి మాట్లాడటం కాస్త కష్టం, ఎందుకంటే అది చేయించుకుని బాగుందనేవాళ్లు నిజంగానే ఉన్నారు. సొంత రక్తం తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని వేరుచేసి మోకాల్లోకి ఎక్కిస్తారు. చిన్న చిన్న అధ్యయనాలు కొన్ని మేలు చూపించాయి. ఆస్ట్రేలియాలో 288 మందితో జాగ్రత్తగా చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో మాత్రం ఏడాది తర్వాత ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే నొప్పీ ఎక్కువ తగ్గలేదు, గుజ్జూ ఎక్కువ మిగల్లేదు. మోకాలి నొప్పి హెచ్చుతగ్గులతో వస్తుంది. మరీ ఎక్కువైన రోజుల్లోనే మనం ఇంజెక్షన్‌కి వెళతాం, కొన్ని వారాలకి అది దానంతట అదే కొంత దిగుతుంది. ఆ దిగడం ఇంజెక్షన్ ఖాతాలో పడుతుంది. డబ్బుకి ఇబ్బంది లేదు, వ్యాయామం మానను అనేవాళ్లు చేయించుకుంటే పెద్ద హాని ఉండదు. అప్పు చేసి మాత్రం వద్దు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో గుజ్జు మళ్లీ పెరుగుతుందని చెప్పేవాళ్లని నమ్మకండి, ఆ 2019 మార్గదర్శకం వాటిని గట్టిగానే వద్దంది.

కీహోల్‌తో శుభ్రం చేయడం

చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, లోపల కడిగి, చిరిగిన మెనిస్కస్ కత్తిరించి వచ్చేయడం. వినడానికి తేలిక, అదే రోజు ఇంటికి. 2002లో అమెరికాలో 180 మంది అరుగుదల రోగులపై ఎవరూ ఊహించని పరీక్ష చేశారు. కొందరికి నిజంగా ఈ ఆపరేషన్ చేశారు, కొందరికి చర్మం మీద కోతలు మాత్రం పెట్టి కుట్టేశారు. రెండేళ్లు గమనించినా ఇద్దరి నొప్పిలో తేడా లేదు. 2013లో ఫిన్‌లాండ్‌లో 146 మందిపై, ఈసారి అరుగుదల లేకుండా మెనిస్కస్ చిరుగు మాత్రమే ఉన్నవాళ్లపై, ఇలాగే చేస్తే అదే ఫలితం. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం వయసుతో వచ్చిన మోకాలి సమస్యలకి ఈ ఆపరేషన్ వద్దని గట్టిగా చెప్పింది. మోకాలు నిజంగానే ఇరుక్కుపోయి చాచలేకపోవడం, యువకుల్లో ఆటలో దెబ్బ తగిలి చిరగడం వేరు. అక్కడ దీని అవసరం ఉంటుంది.

మార్పిడి: ఎప్పుడు, ఏ రకం

ఇక్కడ నా మాట కొంచెం మారుతుంది. ఇంతవరకు ఆగండి అంటూ వచ్చాను. కానీ అవసరమైన మోకాలికి మార్పిడిని ఏళ్ల తరబడి వాయిదా వేయడం కూడా తప్పే. కాలు వంకర పెరిగి, కండరం కరిగి, నడకే పోయాక చేస్తే కోలుకోవడం కష్టమవుతుంది.

2015లో డెన్మార్క్‌లో వచ్చిన ఒక పరీక్ష నాకు చాలా ఉపయోగపడింది. మార్పిడికి అర్హులైన 100 మందిని తీసుకుని సగం మందికి ఆపరేషన్ చేసి తర్వాత 12 వారాల వ్యాయామం, బరువు సలహా, మందులు ఇచ్చారు. మిగతా సగానికి ఆపరేషన్ లేకుండా ఆ మిగతావి ఇచ్చారు. ఏడాదికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్లు ఆపరేషన్ వైపు 85 శాతం, ఇటువైపు 68 శాతం. తీవ్రమైన దుష్ప్రభావాలు మొత్తం మీద అటు 24 సార్లు, ఇటు 6 సార్లు వచ్చాయి. ఆపరేషన్ లేని జట్టులో దాదాపు నలుగురిలో ఒకరు ఆ ఏడాదిలోనే ఆపరేషన్‌కి వెళ్లారు. అంటే ఎక్కువ ఫలితం ఆపరేషన్‌లోనే, ఎక్కువ ముప్పూ దానిలోనే, అర్హులైనవాళ్లలో కూడా నలుగురిలో ముగ్గురు ఏడాదిపాటు అది లేకుండా గడపగలిగారు.

నా దృష్టిలో ఆపరేషన్ వేళ వచ్చిందని చెప్పే గుర్తులు ఇవి: మూడు నుంచి ఆరు నెలలు నిజంగా వ్యాయామం చేసినా నొప్పి నిద్ర చెడగొడుతోంది, చిన్న దూరం నడవడం కూడా పోయింది, కాలు వంకర పెరుగుతోంది, ఎక్స్‌రేలో ఎముకకి ఎముక తగులుతోంది. ఇవన్నీ కలవాలి. అరుగుదల తక్కువగా ఉన్నప్పుడే చేయించుకున్నవాళ్లు తర్వాత అసంతృప్తిగా ఉండటం ఎక్కువ.

అరుగుదల ఒక పక్కకే, చాలాసార్లు లోపలి వైపుకే, పరిమితమైతే సగం మార్పిడి, అంటే అరిగిన ఆ పక్కనే మార్చడం, గురించి అడగండి. 528 మందితో బ్రిటన్‌లో చేసి 2019లో ప్రచురించిన పోలికలో ఐదేళ్లకి సగం మార్పిడి, పూర్తి మార్పిడి రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. సగం మార్పిడిలో సొంత లిగమెంట్లు మిగులుతాయి, కోలుకోవడం తొందరగా ఉంటుంది. మన్నిక మాత్రం తక్కువ. అదే 2019లో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం పూర్తి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి, సగం మార్పిడుల్లో 70 శాతం. కాలు వంకరగా ఉండి, వయసు తక్కువై, బరువు పనులు చేసేవాళ్లకి ఎముకను కోసి భారాన్ని బాగున్న వైపుకి మళ్లించే ఆస్టియోటమీ అనే మూడో దారి ఉంది. దీని సంగతి చాలామందికి చెప్పరు, మీరే అడగాలి.

ఏం రాదో కూడా ముందే తెలుసుకోవాలి. మార్చిన మోకాలు చిన్నప్పటి మోకాలు కాదు. చాలామందికి మోకాళ్ల మీద వంగి కూర్చోవడం ఇబ్బందిగానే ఉంటుంది. లోపల కలుక్కుమనే చప్పుడు రావచ్చు, కోత పక్కన చర్మం మొద్దుబారినట్టు ఉండిపోవచ్చు. మొదటి ఆరు వారాలు నిజంగా కష్టం, పూర్తిగా కుదుటపడటానికి ఏడాది పట్టవచ్చు. సుమారు ఐదుగురిలో ఒకరు ఫలితంతో పూర్తిగా తృప్తి చెందరు. ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికి వస్తుంది, వస్తే మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. షుగర్‌ను అదుపులోకి తెచ్చుకుని, పొగతాగడం మాని, పుచ్చిన పళ్లు చూపించుకుని, తొడ కండరాలు ముందే బలపరుచుకుని వెళ్లడం మీ చేతిలో ఉన్న పనులు.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయిస్తే ఒకే మత్తు, ఒకే కోలుకునే కాలం కలిసొస్తాయి. శరీరం మీద ఒత్తిడి, గుండె, ఊపిరితిత్తుల చిక్కులు మాత్రం పెరుగుతాయి. ఆరోగ్యం గట్టిగా ఉన్నవాళ్లకే అది సరిపోతుంది. సర్జన్‌ని నేరుగా అడగండి: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? నా విషయంలో ఇప్పుడే ఎందుకు? ఆరు నెలలు ఆగితే ఏం పోతుంది? మూడో ప్రశ్నకి చిరాకు పడితే రెండో అభిప్రాయం తీసుకోండి.

మూడు నెలల వ్యాయామం తర్వాత అమ్మ ఎడమ మోకాలు మెట్లెక్కింది. కుడిది బలం పుంజుకుంది గానీ రాత్రి నొప్పి అలాగే ఉంది, వంకర కూడా అలాగే ఉంది. ఇంకో ఏడాది పైగా చూసి దానికి పూర్తి మార్పిడి చేయించాం. ఆపరేషన్ మర్నాడే వాకర్‌తో నిలబడింది. నాలుగో నెలలో కర్ర లేకుండా నడిచింది. ఎడమ మోకాలికి ఇప్పటికీ వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేవడం చేస్తుంది, ఈమధ్య లెక్క పద్దెనిమిదికి చేరింది. మొన్న డాక్టరు గారు దాని కొత్త ఎక్స్‌రే తీయాలా అని అడిగితే, "నొప్పి లేనిదానికి ఫిల్మెందుకండీ" అంది.